తడిసిన ఇంటికి కరెంటు ఇవ్వకపోవడం అనే ఉద్యోగం

ఇది ఒక మహా సంగ్రామం కథ. ఇందులో వరద ఉంది, ఉరుములున్నాయి, ప్రాణం మీదికి తెచ్చుకున్న మనిషి ఉన్నాడు, కంటికి కనిపించని శత్రువు ఉన్నాడు. ఆ శత్రువును ఒంటి చేత్తో ఎదిరించే వీరుడు కూడా ఉండాల్సింది. ఆ రోజు ఆయన సెలవులో ఉన్నట్టున్నాడు, సెక్షన్ వాళ్లు నన్ను పంపారు. నేను చేసిందల్లా ఫ్యూజులు పీకి జేబులో వేసుకోవడం, అడిగిన వాళ్లందరికీ ఇవ్వనని చెప్పడం. కాబట్టి ఇది సంగ్రామం కాదు. తడి ఇళ్ల గురించి ఒక మాజీ ఎలక్ట్రీషియన్ చెప్పే నాలుగు ముచ్చట్లు.

నేను గోదావరిఖనిలో బొగ్గు గని కార్మికుల క్వార్టర్లకు కరెంటు చూసే మెయింటెనెన్స్ సెక్షన్‌లో పనిచేశాను. నలభై నిండకముందే రిటైరయ్యాను. ఆ మాట అనగానే జనం నా చేతుల వైపు చూస్తారు, కాలిన మచ్చ ఎక్కడుందా అని. మచ్చ లేదు. చెవిలో ఏదో తేడా వచ్చింది. నిచ్చెన మూడో మెట్టెక్కితే గోదావరిఖని మొత్తం గుండ్రంగా తిరిగేది. స్తంభం ఎక్కలేని ఎలక్ట్రీషియన్, ఈత రాని చేప లాంటివాడు. మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అని రాసింది. మా దగ్గర అన్‌ఫిట్ అంటే కొడుక్కు ఉద్యోగం అని లెక్క. "ఖుష్‌నసీబ్‌వి తమ్మీ, కొడుకుకు నౌకరీ వస్తది" అని అభినందించిన వాళ్లూ ఉన్నారు. మా వాడు అప్పుడు యూకేజీ. షూ లేసులు కట్టుకోవడం ఇంకా రాలేదు.

కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలు కొందరు ఈ మధ్య నన్ను అడిగారు, అన్నా, ఈ పనిలో అసలు కష్టమేంటని. లైన్లు గుంజడం కష్టం కాదు, నేర్చుకుంటే వస్తుంది. తడిసిన ఇంటి ముందు నిలబడి, ఆ ఇంటివాళ్ల ముఖం చూస్తూ, ఇప్పుడు కరెంటు ఇవ్వను అనడం కష్టం. దానికి ఐటీఐలో పాఠం లేదు.

ఓదెలన్న జేబు

మా ఫోర్‌మన్ ఓదెలన్న చాలాకాలం బాయిలో, అంటే భూగర్భ గనిలో, ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి పైకి వచ్చినవాడు. మంచి మనిషి అని చెప్పలేను. సెలవడిగితే మన నానమ్మ ఎన్నోసారి చనిపోతోందో గుర్తుచేసేవాడు. కానీ మంచి ఫోర్‌మన్. ఆ రెండూ ఒకే మనిషిలో దొరకాలని కోరుకోవడం అత్యాశ.

బాయిలో ఆయన నేర్చుకుని పైకి తెచ్చిన అలవాటు ఒకటుంది. తీగ మీద చెయ్యి వేయబోయేవాడు ముందు ఆ తీగకు వచ్చే ఫ్యూజు పీకాలి. పీకినదాన్ని గూట్లో పెట్టకూడదు, పక్కవాడికి ఇవ్వకూడదు, తన జేబులోనే వేసుకోవాలి. పని అయ్యాక తనే తిరిగి పెట్టాలి.

"గూట్ల పెడితే ఏమైతదన్నా?" అని అడిగాను మొదట్లో.

"ఎవడో ఒక మంచోడు వస్తడు. అరె, ఫ్యూజు మర్చిపోయిండు పాపం అని పెట్టి పోతడు. దొంగలకు భయపడకు. మంచోళ్లకు భయపడు."

ఆ సిద్ధాంతం కోసం ఆయన బాధలు కూడా పడ్డాడు. ఒకసారి జేబులో ఒక వరస క్వార్టర్ల ఫ్యూజులు పెట్టుకుని, మర్చిపోయి, షిఫ్టు దిగి కమాన్‌పూర్‌లో ఉన్న ఇంటికి వెళ్లిపోయాడు. ఇక్కడ క్రికెట్ మ్యాచ్ ఉంది. షేరింగ్ ఆటోలో తిరిగొచ్చేసరికి ఆ వరస వరసంతా రోడ్డు మీద నిలబడి స్వాగతం పలికింది. ఏమన్నారో ఇక్కడ రాయడం కుదరదు. మర్నాడు ఆయన మాకు చెప్పింది ఒక్కటే: "తిట్టినోళ్లందరు బతికే ఉన్నరు. గది చూడుండ్రి."

అప్పుడు మేం నవ్వాం. ఆయన నవ్వలేదు. జోకు వేశానని ఆయనకు తెలియదు.

తడి ఇంట్లో మనవాళ్లు చేసే పనులు

క్వార్టర్లలో ఎక్కువమంది వండేది కాయిల్ హీటరు మీద. కంపెనీ ఇచ్చే కరెంటుకు ఎవరూ పెద్దగా లెక్కచూసుకోరు కాబట్టి, ఇంట్లోకి నీళ్లు వచ్చి పోయాక చాలామంది చేసే మొదటి పని హీటరు వెలిగించి తడి నేల మీద పెట్టడం, ఇల్లు ఎండుతుందని. ఇల్లు ఎండుతుంది. అది చూడడానికి మనం ఉంటామా అన్నదే సందేహం.

రెండో పని, మెయిన్ ఆపేశాం కాబట్టి ఏమీ కాదనుకోవడం. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటుంది. మెయిన్ పోగానే అదే పాపం బాధ్యతగా ఇంటికంతా కరెంటు ఇవ్వడం మొదలుపెడుతుంది. మెయిన్‌తో పాటు దాన్నీ ఆపాలి, అది కూడా నీళ్లలో నిలబడి కాదు. స్విచ్చు దగ్గరికి పొడి నేల మీద పోయే దారి లేకపోతే పోవద్దు. బయట లైను తీసేయమని మాకు ఫోన్ చేయాలి. ఫోన్ ఎత్తకపోతే తిట్టాలి, కానీ బయటే నిలబడి తిట్టాలి.

మూడోది దండెం. ఇనుప తీగ దండేన్ని ఒక కొస కిటికీ ఊచకు, ఇంకో కొస సర్వీస్ వైరు వచ్చే పైపుకు కడతారు. ఎండాకాలమంతా అది దండెమే. వానకు ఆ పైపు దగ్గర తొడుగు చిట్లితే, తడి చీర ఆరేయడానికి పోయిన మనిషికి అది దండెం కాదని తెలుస్తుంది. నైలాన్ తాడు కట్టండి. ఇన్నేళ్లు చెప్పాను. ఎవరూ కట్టలేదు. ఇప్పుడూ చెబుతున్నాను.

ఇక టెస్టరు. లైటు వెలగలేదు, కరెంటు లేదు అంటారు. నా జేబులో చాలాకాలం ఉన్న టెస్టరు కరెంటు ఉన్నప్పుడు కూడా తనకు ఇష్టమైతేనే వెలిగేది. వెలిగితే నమ్మండి. వెలగకపోతే నమ్మకండి.

లింగయ్య బావ మంచం

ఇప్పుడు ఆ రోజు సంగతి. రాత్రంతా కురిసిన వానకు మా కాలనీ పక్క నాలా పొంగి, పల్లంలో ఉన్న క్వార్టర్లలోకి నీళ్లొచ్చాయి. పొద్దున్నే సెక్షన్ వాళ్లు స్తంభం దగ్గర లైను ఆపేశారు. ఓదెలన్న, నేను ఒక్కో బ్లాకే చూసుకుంటూ వెళ్లాం. ఒక్కో బ్లాకులో కింద ఒక ఇల్లు, పైన ఒక ఇల్లు. రెంటికీ లైన్లు వేరు. ఫ్యూజుల బోర్డు మెట్ల మీద ఎత్తులో ఉంటుంది, అక్కడికి నీళ్లు రాలేదు. కింది ఇళ్ల ఫ్యూజులు పీకి నా జేబులో వేసుకున్నాను. పై ఇళ్ల లైన్లకు ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ పెట్టి, లీకేజీ లేదని చూసుకుని, వాటికి మాత్రం కరెంటు వదిలించాడు ఓదెలన్న. తర్వాత ఇంకో వీధికి పోయాడు. నన్ను అక్కడ ఉంచింది కాపలాకు. మంచోళ్ల నుంచి.

చివరి బ్లాకులో కింది ఇల్లు లింగయ్య బావది. నాకు చుట్టం కాదు. ఆయన భార్య రాజక్కను అక్కా అంటాను కాబట్టి ఆయన బావ అయ్యాడు. బాయిలో బొగ్గు ఎత్తి ఎత్తి రిటైరైన మనిషి. ఊపిరితిత్తులు ఆయన కంటే ముందే రిటైరయ్యాయి. పక్కన ఆక్సిజన్ మిషన్ లేకుండా పూట గడవదు. ఆ మిషన్‌కు కరెంటు కావాలి.

నేను వెళ్లేసరికి నీళ్లు మడమల దాకా దిగాయి. గోడ మీద మరక మాత్రం ప్లగ్గు పాయింట్ల పైదాకా ఉంది. బావ ఇటుకల మీద ఎత్తిన ఇనుప మంచం మీద, దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. మిషన్ మంచం మీదే పొడిగా ఉంది. ముక్కుకు పెట్టిన గొట్టం మాత్రం పక్కనున్న చిన్న సిలిండర్‌కు తగిలించి ఉంది. అది దవాఖాన వాళ్లు అవసరానికి ఉంటుందని ఇచ్చింది. దాని మీటరు ముల్లు ఎర్ర గీత వైపు వంగి ఉంది, గాలి అయిపోవస్తోందని. అంబులెన్స్‌కు ఫోన్ చేశారు. కల్వర్టు మీద నీళ్లు తగ్గితే వస్తామన్నారు.

రాజక్క ఆ ముల్లునే చూస్తోంది. నన్ను చూసి లేచింది.

"తమ్మీ, పైన ఫ్యాను తిరుగుతుంది. సప్పుడు ఇనవడుతుంది. మాకెందుకు ఇయ్యవు?"

"పైన గోడలు పొడిగ ఉన్నయక్కా."

"మా గోడలకు పొడి ఏడికెళ్లి తేవాలె? మీ బావ ఊపిరి తీసుకునుడు బందు పెట్టి గోడలు ఎండేదాంక కూసుంటడా?"

నేను జేబు తడుముకున్నాను. వాళ్లింటి ఫ్యూజు అందులోనే ఉంది. గుప్పెట్లో ఇమిడే ఆ తెల్ల పింగాణీ ముక్క ఆ రోజు ప్యాంటును కిందికి లాగింది. బెల్టు కొత్తది కాదు, అదీ ఒక కారణం.

గంబూట్లు

ఈలోగా వాళ్ల కొడుకు రమేశ్ వచ్చాడు. ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడుపుతాడు. డ్యూటీ నుంచి నేరుగా, కంపెనీ ఇచ్చిన రబ్బరు గంబూట్లతో నీళ్లలో నడుచుకుంటూ వచ్చాడు.

"సదన్న మామా, ఫ్యూజు ఇయ్యి. నీకేం ఫికర్ లేదు. నాకు గంబూట్లున్నయ్. నేనే నిలవడి ప్లగ్గు పెడత."

ఇది మా బొగ్గు బెల్టు రోగం. బాయిలో నీళ్లలో, బురదలో, మిషన్ల మధ్య గంబూట్లు మా వాళ్లను కాపాడతాయి. అందుకని వాటికి దేవుడి హోదా ఇచ్చేశారు. వేరే ఊళ్లో తడి ఇంట్లోకి పోవాలంటే జనం భయపడతారు. మా ఊళ్లో బూట్లు తొడుక్కుని పోతారు. ఈ ఒక్క నమ్మకాన్ని పోగొట్టడానికి నేను ఉద్యోగమంతా పనిచేశాను. బూట్లే గెలిచాయి.

"ఒక బూటు ఇప్పు అల్లుడా," అన్నాను.

"ఎందుకు?"

"ఇప్పరాదు జర."

మెట్ల మీద కూర్చుని విప్పాడు. దాన్ని తలకిందులు చేశాను. చిన్న చెంబుడు నీళ్లు కారాయి.

"పైకెళ్లి పడ్డయ్ గవి," అన్నాడు రమేశ్.

"నీళ్లు మడిమెల దాంక ఉన్నయ్. బూటు మోకాలు దాంక ఉంది. ఎగిరి దుంకినయా?"

మడమ దగ్గర చీలిక కనిపించింది. వాడు దాన్ని వేలితో తడిమి చూశాడు.

"చీలకపోయినా గంతే. ఇది కరెంటు కోసం చేసిన బూటు కాదు. ప్లగ్గు పెట్టేది కాలుతోని కాదు గదా, చేతితోని. గోడ పట్టుకుంటవ్. మంచం పట్టుకుంటవ్. మంచం ఇనుపది. దాని మీద ఎవరున్నరు?"

రమేశ్ లోపలికి చూశాడు. వాళ్ల నాన్న ఇనుప మంచం మీద కూర్చుని మా వైపే చూస్తున్నాడు. ఆయనకు మాటలు వినిపించాయో లేదో. గాలి ఖర్చు కాకుండా ఉండడానికి ఆయన చాలా రోజులుగా తక్కువ మాట్లాడుతున్నాడు.

"మరెట్ల మామా?" అన్నాడు రమేశ్. గొంతు డంపర్ నడిపే మనిషిది కాదు. "పైనుంచి ఎక్స్‌టెన్షన్ వైరు గుంజుదామా?"

"తడి నేల మీదికి తెచ్చినంక అది పై కరెంటయితేంది, కింది కరెంటయితేంది. కొట్టేటప్పుడు ఏ అంతస్తని అడగదు."

ఇక్కడ ఒక మాట, పనిలోకి వచ్చే పిల్లల కోసం. ఇవ్వను అని చెప్పేసి చేతులు కట్టుకుని నిలబడితే మీ పని సగమే అయింది. అవతలివాడికి కావాల్సింది కరెంటు కాదు, ఊపిరి. కరెంటును కిందికి దించలేకపోతే మనిషిని పైకి ఎక్కించొచ్చు. ఇది పెద్ద తెలివేమీ కాదు. పైన ఫ్యాను తిరుగుతోందని రాజక్క అప్పటికే చెప్పింది.

మెట్ల పైన

అడ్డం ఒకటే. పై ఇంటి భారతి గారికీ రాజక్కకూ మాటల్లేవు. భారతి గారి భర్త ఆఫీసులో క్లర్కు, కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన కుటుంబం. రాజక్కకు కాయిల్ హీటరుతో పాటు బొగ్గుల పొయ్యి కూడా ఉంది, పెద్ద వంటకు. దాని పొగ నేరుగా పై బాల్కనీలోకి పోయి, ఉతికి ఆరేసిన చీరలను నలుపు చేసేది. భారతి గారు పూల కుండీలకు పోసే నీళ్లు కింద రాజక్క ఆరబోసిన మిరపకాయల మీద పడేవి. ఎవరు ముందు మొదలుపెట్టారన్నది కాలనీలో ఇప్పటికీ తేలలేదు. చాలా ఏళ్లుగా ఇద్దరూ ఒకే మెట్ల కింద, పైన బతుకుతూ, ఒకరి ఉనికిని ఇంకొకరు ఒప్పుకోలేదు.

నేను మెట్లెక్కుతూ ఒక ఉపన్యాసం తయారుచేసుకున్నాను. మానవత్వం, ఇరుగుపొరుగు, ఆపద లాంటి మాటలున్నాయి అందులో. తలుపు తీసే ఉంది. భారతి గారు హాల్లో సోఫాను గోడ వైపుకు నెడుతున్నారు.

"రండి సదానందం గారూ. కింద మాటలన్నీ వినపడుతున్నాయి. ఆ మిషన్‌కి ప్లగ్గు పెద్దదా, చిన్నదా?"

నేను ఉపన్యాసంలో మొదటి వాక్యం దగ్గరున్నాను.

"ఎందుకంటే హాల్లో చిన్న సాకెట్టే ఉంది. పెద్దదైతే కూలర్ పీకి అక్కడ పెట్టాలి. మంచం అటు వేయాలి మరి."

"చిన్నదేనండి."

"అయితే ఇక్కడే. ఇటు కొస పట్టుకోండి."

సోఫా నెట్టాం. ఉపన్యాసం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఎవరికైనా కావాలంటే ఇస్తాను.

కిందికొచ్చి చెప్పాను. రాజక్క ముఖం గట్టిగా అయిపోయింది.

"ఆమె ఇంటికి నేను పోను."

మంచం మీంచి లింగయ్య బావ చెయ్యెత్తాడు. అందరం ఆగాం. ఆయన గాలి కూడదీసుకుని, ఒక్కో మాటా విడిగా పెట్టాడు.

"నువ్వు పోకు. నేను పోత."

రాజక్క ఆయన వైపు చూసింది. కళ్లు నిండాయి, అదే సమయంలో నవ్వు కూడా వచ్చింది. రెంటినీ ఆపుకోలేక కొంగుతో మూతి తుడుచుకుని, "చూసినవా తమ్మీ, గాలి లేదు గని మాటకు తక్కువ లేదు" అంది. తర్వాత సిలిండర్‌ను తనే చంకన ఎత్తుకుంది.

బావను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాం. ముందు రమేశ్, వెనక నేను. ఎట్లా పట్టుకోవాలో బావే సైగలతో చెప్పాడు. బాయిలో దెబ్బ తగిలినవాళ్లను మోసిన మనిషి. కాళ్ల వైపు ముందు పోవద్దు, తల పైకి ఉండాలి, ఆగాలి, మళ్లీ నడవాలి. జీవితంలో మొదటిసారి తను బరువుగా ఉండి ఇంకొకరికి పని చెబుతున్నాడు. కొంచెం ఆనందించాడనే నా అనుమానం.

రమేశ్ మళ్లీ కిందికి పోయి మిషన్ తెచ్చాడు. దాని ప్లగ్గు పెట్టాం. అది ఒకసారి కీచుమని, తర్వాత బుస్‌మని, ఊపిరి పీల్చడం మొదలుపెట్టింది. గొట్టం మార్చారు. బావ ముఖంలో రంగు మెల్లగా తిరిగొచ్చింది. రమేశ్ ఆయన పాదాల దగ్గర నేల మీద కూర్చుని, ఒక కాలికి బూటుతో, ఒక కాలికి లేకుండా, తల వంచుకుని ఉండిపోయాడు.

గొట్టం మార్చగానే రాజక్క గుమ్మం బయటికి పోయి నిలబడింది. సిలిండర్ ఇంకా చంకలోనే ఉంది. భారతి గారు వంటింట్లోంచి, ఎవరి వైపూ చూడకుండా, గోడకు చెబుతున్నట్టు అన్నారు: "టీలో పంచదార ఎంత వేయాలో ఎవరైనా చెబితే బాగుంటుంది."

రాజక్క కూడా గోడకే చెప్పింది. "ఆయనకు వద్దు. నాకు రెండు చెంచాలు."

ఎండిన గోడ

బావ ఆ ఇంట్లోనే ఉన్నాడు. కల్వర్టు మీద నీళ్లు తగ్గాక అంబులెన్స్ వచ్చింది. డాక్టర్ చూసి ఇక్కడే బాగున్నాడన్నాడు, వెళ్లిపోయారు. కింది ఇంటికి కరెంటు ఎప్పుడిస్తారని రోజూ రమేశ్ వచ్చేవాడు. ఇప్పుడు అతను తొందరపడేది ప్రాణానికి కాదు, మొహమాటానికి.

"మామా, గోడ ఎండింది. చెయ్యి పెట్టి చూడు. ఎన్ని రోజులని వాళ్లింట్ల ఉంటరు?"

చెయ్యి పెట్టి చూశాను. నిజమే, ఎండింది. సున్నం తెల్లగా, పొడిగా ఉంది. నాకూ ఇచ్చేయాలనే అనిపించింది. బావ మిషన్ పెట్టే ప్లగ్గు బోర్డు మంచం తల దగ్గరే ఉంది. మూత బయట తుడిచి పెట్టినట్టుంది.

మూత విప్పాను. వెనక గోడలో ఉన్న ఇనుప డబ్బా అడుగున నీళ్లు నిలిచి ఉన్నాయి, సన్నటి బురదతో. స్విచ్చు లోపల పచ్చగా చిలుము పట్టింది. రమేశ్ లోపలికి చూసి, వెనక్కి ఒక అడుగు వేశాడు. ఆ బోర్డుకూ వాళ్ల నాన్న దిండుకూ మధ్య జానెడు దూరం.

"ఇంకా ఎన్ని రోజులైనా సరే మామా," అన్నాడు.

మునిగిన బోర్డులు, బ్రేకరు అన్నీ తీసి పారేశాం. ఆరబెట్టి వాడుకుందామని ఇంటింటా అడుగుతారు, ఒప్పుకోవద్దు. వైర్లు కొన్ని మార్చాం. ఫ్రిజ్, మిక్సీ మెకానిక్ చూశాకే పెట్టమన్నాం. ఓదెలన్న స్వయంగా వచ్చి మెగ్గర్ తిప్పి, రీడింగ్ చూసి, తల ఊపాడు. ఆయన మెచ్చుకోవడంలో అదే ఆఖరి మెట్టు. అప్పుడు ఫ్యూజు పెట్టాను.

బావను కిందికి దించాం. మిషన్ ఆయన మంచం పక్కన మొదలైంది. రాజక్క మంచం పట్టీ పట్టుకుని కాసేపు ఆ చప్పుడు విన్నది. తర్వాత ఆయన కాళ్ల మీద దుప్పటి సర్దింది, అప్పటికే సరిగ్గా ఉన్నదాన్ని.

పైనుంచి భారతి గారి గొంతు వినిపించింది. "వచ్చిందా?"

రాజక్క కిటికీ దగ్గరికి పోయి, తలెత్తి, ఈసారి గోడకు కాకుండా ఆమెకే చెప్పింది. "వచ్చిందమ్మా. మంచిగ తీసుకుంటుండు."

తడిసిన బోర్డు పైకి ఎండినట్టు కనిపించినా లోపల నీళ్లుంటాయి. మెయిన్, ఇన్వర్టర్ ఆపించాక, తెలిసినవాళ్లతో మూత విప్పించి చూడండి. మూతకు రెండు స్క్రూలుంటాయి. ఎడమ వైపుకు తిప్పితే వస్తాయి.